అభ్యంతరంగారి రెండు గొట్టాల రెగ్యులేటరు

ఆ శనివారం పొద్దున అభ్యంతరంగారు పెట్టుకున్న పని ఏమంత పెద్దది కాదు. టబ్బు నిండా నీళ్ళు పట్టుకుని, అందులో బోర్లా పడుకుని, కాసేపు మాట్లాడకుండా ఊపిరి పీల్చుకోవాలి, అంతే. ఇంత చిన్న పనిని కూడా మనిషిని ప్రశాంతంగా చేసుకోనివ్వలేదంటే ఈ లోకాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఆయన అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. బీమా కంపెనీలో ఫిర్యాదుల విభాగం చూస్తారు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ గోడు వినీ వినీ, తన గోడు చెప్పుకునే వంతు వచ్చేసరికి ఆఫీసు మూసేస్తారు. అందుకని ఎక్కడ నలుగురు కూర్చున్నా చెయ్యెత్తి "నాకో అభ్యంతరం ఉంది" అని మొదలుపెడతారు. చివరికి అదే పేరైపోయింది. ఆ పేరు మీద కూడా ఆయనకి అభ్యంతరం ఉంది కానీ, దాన్ని చెప్పుకోవడానికి తగిన మీటింగు ఇంకా దొరకలేదు.

ఇక ఆ రెగ్యులేటరు సంగతి. నీళ్ళ అడుగున ఈదేవాళ్ళు వీపుకి కట్టుకునే సిలిండర్లో గాలిని గట్టిగా కుక్కి పెడతారు. దాన్ని తిన్నగా నోట్లోకి వదిలితే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. ఆ గాలి పొగరు అణిచి, అడిగినప్పుడు అడిగినంతే నోటికి అందించే పరికరమే రెగ్యులేటరు. ఇప్పుడొచ్చేవి గుప్పిట్లో పట్టే ప్లాస్టిక్ ముక్కలు. అభ్యంతరంగారిది అలాంటిలాంటిది కాదు. ఓడలు విరగ్గొట్టే చోటికి దగ్గర్లో, పాత ఇనుము దుకాణంలో, తుప్పు గొలుసుల కింద దొరికిన తాతలనాటి వస్తువు. చిన్న పళ్ళెమంత గుండ్రటి ఇత్తడి డబ్బా, దానికి అటూ ఇటూ ముడతలు ముడతలుగా రెండు రబ్బరు గొట్టాలు, ఆ రెండూ కలిసేచోట పళ్ళతో కరిచి పట్టుకునే మౌత్‌పీసు. ఒక గొట్టంలోంచి మంచి గాలి వస్తుంది, రెండోదాంట్లోంచి వదిలిన గాలి పోతుంది.

వర్షాకాలమంతా ఆయన దాని మీదే కూర్చున్నారు. వంటింట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి గిన్నె తీసుకుని, అందులో వెనిగర్ పోసి, ఇత్తడి భాగాలు నానబెట్టి పచ్చటి చిలుము వదిలించారు. పాత టూత్‌బ్రష్షుతో మరలన్నీ తోమారు. ఎండి బీటలువారిన డయాఫ్రం అనే రబ్బరు పొరని తీసేసి కొత్తది బిగించారు. వాడిన గాలి బయటికి పోయేచోట బాతు ముక్కులాంటి చిన్న రబ్బరు వాల్వు ఒకటుంటుంది. అది ఎక్కడా దొరక్క, తనలాంటి పిచ్చి ఉన్న మరొకాయనకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి తెప్పించుకున్నారు. ఆఖరికి స్ప్రింగు ఎంత నాజూగ్గా సర్దారంటే, పువ్వు వాసన చూసినంత తేలిగ్గా పీల్చినా గాలి వచ్చేస్తుంది.

రెండు గొట్టాల రెగ్యులేటర్లకి ఒక స్వభావం ఉంది. నీళ్ళలో మౌత్‌పీసు ఇత్తడి డబ్బా కంటే పైకి తేలిందంటే, ఎవరూ పీల్చకుండానే గాలి భళ్ళుమని తన్నుకొస్తుంది. పెద్ద రొద చేస్తుంది. మళ్ళీ కిందకి ముంచితే నోరు మూసుకుంటుంది. ఎంత బాగా సర్దితే అంత గట్టిగా అరుస్తుంది. తెలిసినవాళ్ళు ఆ అరుపు విని మెచ్చుకుంటారు. తెలియనివాళ్ళ సంగతే ఈ కథ.

ఆదివారం నాడు డైవింగ్ క్లబ్బు వాళ్ళు చెరువులో పాత పరికరాల డైవు పెట్టారు. అభ్యంతరంగారి ప్రాణమంతా దాని మీదే ఉంది. ఇన్ని నెలలూ పడిన శ్రమ ఒక్కసారి నీళ్ళ అడుగుకి వెళ్ళి రావాలి. కానీ క్లబ్బు కోచ్‌కి పాత వస్తువులంటే భయం.

"సార్, మీ పనితనానికి దణ్ణం పెడతా. కానీ పాతది పాతదే. క్లబ్బు గోడకి మేకు కొట్టి తగిలిద్దాం. కింద మీ పేరు కూడా రాయిద్దాం" అన్నాడు కోచ్.

"గోడకా? ఇది ఊపిరి పీల్చుకునే యంత్రమయ్యా! గోడగడియారం అనుకున్నావా?"

వాదించి వాదించి కోచ్‌ని విసిగించి ఒక షరతుకి ఒప్పించారు. సిలిండర్ నిండా గాలితో మొదలుపెట్టాలి. గాలి ఎంత మిగిలిందో చూపే గేజి ముల్లు సగానికి దిగేదాకా మౌత్‌పీసు నోట్లోంచి తియ్యకూడదు. తీస్తే రెగ్యులేటరు గోడకే.

"ఏం జరిగినా తియ్యకూడదు సార్. నీళ్ళ అడుగున మౌత్‌పీసు తీసి ఒక మాట చెబుదామనుకున్నవాడు ఆ తర్వాత ఇంక మాట్లాడడు" అన్నాడు కోచ్.

"సగం ఏంటి, అడుగంటేదాకా ఉంటాను" అన్నారు అభ్యంతరంగారు.

క్లబ్బు కొలనులో పలకలు మారుస్తున్నారు కాబట్టి పరీక్ష ఇంట్లో టబ్బులోనే. బయల్దేరేటప్పుడు కోచ్ ఫోన్ చేస్తాడు. గేజి ముల్లు నిండుగా ఉన్న ఫోటో పంపి ఈయన నీళ్ళలోకి దిగాలి. ముల్లు సగానికి వచ్చేలోపు కోచ్ వచ్చి చూస్తాడు.

పొద్దున్నే అభ్యంతరంగారు ఇంట్లోవాళ్ళని హాల్లో నిలబెట్టి హెచ్చరించారు. ఇంట్లోవాళ్ళంటే ఇద్దరే, ఆయన భార్య, భార్యతోపాటు ఉండిపోవడానికి వచ్చిన అత్తగారు.

"నేను నీళ్ళలో ఉన్నంతసేపూ ఎవ్వరూ నాతో మాట్లాడకూడదు. అర్థమైందా?"

"మేం మాట్లాడం. మీరు ఉండగలరేమో చూసుకోండి" అంది భార్య.

ఆవిడ లైబ్రేరియన్. ఆవిడ కూడా డైవింగ్ నేర్చుకుంది, క్లబ్బులో చేరింది, ఆయనకంటే ఎక్కువసార్లే నీళ్ళలోకి దిగింది. కానీ ఆ విషయం ఎప్పుడూ ఎత్తదు. ఈ ఒక్క మాటకే అభ్యంతరంగారికి ఒళ్ళు మండింది. మాట్లాడకుండా ఉండటం ఎంత సులువో ఆయన చాలాసేపు వివరంగా చెప్పారు. ఈలోగా కోచ్ ఫోన్ రానే వచ్చింది.

ఫోటో పంపారు. టబ్బు అడుగున సిలిండర్ పడుకోబెట్టి, దాని పక్కన అభ్యంతరంగారు బోర్లా పడుకుని, మౌత్‌పీసు కరిచి, ముఖం ముంచారు. గాలి హాయిగా వచ్చింది. బుడగలు మెత్తగా పోయాయి. ఆ క్షణంలో ఆయనంత సుఖంగా ఉన్న మనిషి ఆ వీధిలోనే లేడు. అయితే ఆ టబ్బు లోతు తక్కువ. ముఖం నీళ్ళలో ఉంది కానీ చెవులు గాలిలో ఉండిపోయాయి. అక్కడే వచ్చింది చిక్కంతా.

తలుపు అవతల అత్తగారు ఫోన్లో తన చెల్లెలితో మాట్లాడుతున్నారు. అల్లుడితో మాట్లాడొద్దన్నారు గానీ, అల్లుడి గురించి మాట్లాడొద్దని ఎవరూ అనలేదు.

"ఏం చెప్పనే... పొద్దున్నే టబ్బులో పడుకున్నాడు. నోట్లో ఆ ఇత్తడి చెంబు పెట్టుకుని... ఆఁ, చెంబే. నా గిన్నెలో వెనిగర్ పోసి నానబెట్టాడే, అదే చెంబు."

చెంబు! వర్షాకాలమంతా చేతులు కాయలు కాసేలా పనిచేసిన మనిషి ఈ మాట ఎలా సహిస్తాడు? మీరైతే సహిస్తారా? అభ్యంతరంగారు సహించాలనే అనుకున్నారు. రెండు ఊపిర్లు సహించారు కూడా. మూడోదానికి తల పైకెత్తి మౌత్‌పీసు ఊడబీకారు.

"చెంబు కాదండీ! రెండు గొట్టాల రెగ్యులేటరు!"

వదిలేసిన మౌత్‌పీసు నీళ్ళ మీదకి తేలింది. రెగ్యులేటరు భళ్ళున అరిచింది. టబ్బు మొత్తం తెల్లటి నురగై లేచింది. అత్తగారు ఫోను వదిలేసి కెవ్వుమన్నారు. ఆ రొద పైపుల వెంట కింది అంతస్తుకి దిగి, అక్కడ బాత్‌రూమ్‌లో గడ్డం గీసుకుంటున్న ఆడిటరు చెవిలో పడింది.

అభ్యంతరంగారు గబగబా మౌత్‌పీసు పట్టుకుని మళ్ళీ నోట్లో పెట్టుకుని మునిగారు. రొద ఆగిపోయింది. ఇంకా కోచ్ రాలేదు కాబట్టి ఇది లెక్కలోకి రాదని తనకి తనే తీర్పు చెప్పుకున్నారు.

ఆడిటరు సగం గడ్డానికి నురగతోనే మెట్లెక్కి వచ్చి తలుపు బాదాడు. "ఏవమ్మా, మీ గీజరు పేలబోతోందా ఏంటి? గోడలు అదిరిపోయాయి!"

"గీజరు కాదండీ. ఆయన ఊపిరి పీలుస్తున్నారు" అంది భార్య నెమ్మదిగా.

"ఊపిరా? మనిషి ఊపిరికి అంత చప్పుడొస్తుందా? నేను నమ్మనమ్మా. మీ ఆయన నా మీద కక్ష కట్టారు. మొన్న బిల్డింగు మీటింగులో లిఫ్టు పక్కన నా చెప్పుల స్టాండు అడ్డమని గొడవ పెట్టుకున్నారు. అది ఎవరికీ అడ్డం కాదు. కావాలనే అన్నారు."

బాత్‌రూమ్ తలుపు పలచన. చెవులు బయటే ఉన్నాయి. అభ్యంతరంగారు పళ్ళు బిగించారు. మౌత్‌పీసు రబ్బరు కిర్రుమంది. ఇది పరీక్ష అని ఆయనకి తెలుసు. ఆదివారం చెరువు కళ్ళ ముందు కదిలింది. గోడకి కొట్టబోయే మేకు కూడా కదిలింది. కానీ ఆ స్టాండు అడ్డమే! ఆయన కాలు రెండుసార్లు తగిలింది దానికి. నిజాన్ని నిలబెట్టకుండా నోరు మూసుకుని పడి ఉండటానికి ఆయన చేపా?

"అడ్డమే! నూటికి నూరుపాళ్ళూ అడ్డమే!"

రెగ్యులేటరు మళ్ళీ అరిచింది. ఈసారి ఇంకా గట్టిగా. అభ్యంతరంగారు మళ్ళీ మౌత్‌పీసు కరిచి మునిగారు గానీ, ఆడిటరుకి ఇంక సందేహం లేకపోయింది. ఈ మొగుడూ పెళ్ళాలు గీజరు పాడైన సంగతి దాస్తున్నారు, బిల్డింగు లేచిపోయే లోపు తనే ఏదో ఒకటి చెయ్యాలి. మెట్ల మీద నుంచి దూకినట్టే దిగి, కింద బిల్డింగు మెయిన్ స్విచ్చి ఆపేశాడు. ఆపి అగ్నిమాపక దళానికి ఫోన్ చేశాడు. ఆ మాటకొస్తే, భయపడిన మనిషి చెయ్యాల్సినవన్నీ అతను సరైన వరసలోనే చేశాడు. అదే దుర్మార్గం.

సరిగ్గా మెయిన్ ఆపేముందే కోచ్ లిఫ్టెక్కాడు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. అందులోంచి కోచ్ అభ్యంతరంగారి భార్యకి ఫోన్ చేశాడు.

"మేడమ్, లిఫ్టులో ఇరుక్కున్నా. కరెంటు పోయినట్టుంది. సార్‌ని మాత్రం కదలొద్దని చెప్పండి. ముల్లు చూసుకుంటూ ఉండమనండి."

భార్య తలుపు దగ్గరికొచ్చి సాధ్యమైనంత మెత్తగా చెప్పింది. "ఏవండీ, మీరేం మాట్లాడకండి. కోచ్‌గారు లిఫ్టులో ఉన్నారు. ఆడిటరుగారు మెయిన్ ఆపేసినట్టున్నారు. మీరు మాత్రం కదలకండి."

కదలకుండా ఉండేవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళ మీద నుంచి లోకం బండి తోలుకుని పోతుంది. ఇంటి యజమానిని అడక్కుండా మెయిన్ ఆపే అధికారం ఎవరిచ్చారు ఆ ఆడిటరుకి? అరికాలి మంట నెత్తికెక్కి అభ్యంతరంగారు టబ్బులోంచి ఇంతెత్తున లేచారు. మౌత్‌పీసుని నీళ్ళలోకి విసిరేసి, నిక్కరుతో, నీళ్ళు కారుతూ, మెట్ల దగ్గరికి పరిగెత్తారు.

"ఎవడయ్యా మెయిన్ ఆపింది? పైకి రా!"

వెనకాల రెగ్యులేటరు ఆగకుండా అరుస్తూనే ఉంది. లిఫ్టులోంచి కోచ్ ఏదో చెబుతున్నాడు. మధ్యలో ఆడిటరు నురగ ఎండిన గడ్డంతో అరుస్తున్నాడు. చెప్పుల స్టాండు చర్చ ఇంకా మొదట్లో ఉండగానే అగ్నిమాపక దళం మెట్ల మీదకి వచ్చేసింది.

వాళ్ళ ఆఫీసరు బరువైన బూట్లతో తిన్నగా బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. చీకటి గది, టబ్బులో సిలిండరు, పైకి లేస్తున్న నురగ, చెవులు పగిలే రొద. ఎవరైనా ఏమనుకుంటారు? కొక్కెం కర్రతో మౌత్‌పీసుని తగిలించి జాగ్రత్తగా పైకెత్తాడు. ఎత్తినకొద్దీ రొద పెరిగింది.

"అయ్యయ్యో, ఎత్తకండి! ముంచండి!" అన్నారు అభ్యంతరంగారు తలుపులోంచి.

"ఏంటి ముంచేది?"

"దాన్నే! అడుక్కంటా ముంచండి!"

"పేలబోయేదాన్ని ముంచమంటాడేంటి ఈయన?" అన్నాడు ఆఫీసరు.

"చూశారా సార్, నేను చెప్పలా? ఈయన ఉద్దేశమే అది. బిల్డింగు మొత్తాన్ని ముంచాలని!" అన్నాడు వెనక నుంచి ఆడిటరు.

ఆఫీసరు మౌత్‌పీసుని టబ్బు అంచు మీద వదిలేసి అందరినీ హాల్లోకి తరిమాడు. తన ఇంట్లోంచి తననే తరమడమా! ఇక అభ్యంతరంగారి నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. గేజి, ముల్లు, చెరువు, వెనిగర్, చెంబు అన్న మాట, చెప్పుల స్టాండు, మెయిన్ స్విచ్చి, అన్నీ ఒకేసారి చెప్పారు. మధ్యలో ఆఫీసరు తన మనుషులతో "పేలుడు పదార్థం ఉంది, ఇల్లు ఖాళీ చేయించండి" అన్నాడు. ఆ మాట మీద విడిగా ఇంకో అభ్యంతరం మొదలైంది.

"పదార్థమా? నా చేత్తో, మర మర విడదీసి..."

ఉన్నట్టుండి రొద ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే, అభ్యంతరంగారి ఒంటి మీద నుంచి నేల మీద పడుతున్న చుక్కలు వినిపించాయి.

అందరూ బాత్‌రూమ్‌లోకి తొంగిచూశారు. భార్య టబ్బు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ అంచు మీద ఆనించి, చెవులతో సహా ముఖం పూర్తిగా నీళ్ళలో ముంచింది. మౌత్‌పీసు ఆవిడ నోట్లో ఉంది. తల వెనక నుంచి బుడగలు తీరిగ్గా లేస్తున్నాయి. పక్కన అత్తగారు తువ్వాలు పట్టుకుని, ముక్కున వేలేసుకుని నిలబడ్డారు.

అప్పటికి దళంవాళ్ళు లిఫ్టు తలుపు తీసి కోచ్‌ని బయటికి లాగారు. కోచ్ నలిగిన చొక్కాతో వచ్చి, టబ్బు పక్కన వంగి, టార్చి వేసి గేజి చూశాడు. ముల్లు సగానికి కాస్త పైన ఉంది. కోచ్ లేచి అందరి వైపూ తిరిగి పెదవుల మీద వేలు పెట్టాడు.

"కోచ్‌గారూ, అసలు జరిగిందేంటంటే..." అన్నారు అభ్యంతరంగారు.

కోచ్ వేలు తియ్యలేదు.

"అది కాదు, ఆ చెప్పుల స్టాండు..."

ఈసారి ఆఫీసరు కూడా పెదవుల మీద వేలు పెట్టాడు. తరవాత ఆడిటరు పెట్టాడు. ఇల్లు ఎవరిది? టబ్బు ఎవరిది? ఆ బాతు ముక్కు వాల్వు కోసం ఉత్తరాలు రాసిందెవరు? అలాంటి మనిషిని దారినపోయేవాళ్ళంతా చేరి నోరు మూసుకోమనడం ఎక్కడి న్యాయమో ఎవరూ ఆలోచించలేదు. అభ్యంతరంగారు మింగలేక కక్కలేక నిలబడ్డారు.

ముల్లు సగానికి దిగింది. కోచ్ ఆవిడ భుజం తట్టాడు. ఆవిడ వెంటనే లేవలేదు. రెండోసారి తడితే లేచింది. లేచేముందు మౌత్‌పీసుని టబ్బు అడుగున తిరగేసి పెట్టింది. రెగ్యులేటరు కిక్కురుమనలేదు.

ఆఫీసరు వంగి ఇత్తడి డబ్బాని చూశాడు. పొగలోకి వెళ్ళేటప్పుడు అతను కూడా సిలిండర్ గాలే పీలుస్తాడు. "ఎవరు బాగుచేశారండీ ఇది? మా దగ్గర కొత్తవి కూడా ఇంత మెత్తగా గాలి ఇవ్వవు."

"నేనే" అన్నారు అభ్యంతరంగారు. ఆ పొద్దున ఆయన పలికిన మాటల్లో అభ్యంతరం లేనిది అదొక్కటే. ఆయన కళ్ళు చెమర్చాయి. అయినా నిలువెల్లా తడిసే ఉన్నారు కాబట్టి ఎవరూ గమనించలేదు.

"రెగ్యులేటరు పాస్ సార్. గోడ మీదకి వద్దు. రేపు నీళ్ళలోకి వెళ్తుంది" అన్నాడు కోచ్.

"చెప్పానా! నేను ముందు నుంచీ చెబుతూనే..."

"ఎవరి నోట్లో ఉండగా పాసయిందో వాళ్ళతో వెళ్తుంది."

అభ్యంతరంగారు తన ఛాతీ మీద వేలు పెట్టుకున్నారు. "అంటే? మరి నేను?"

"మీరు తీశారు కద సార్ నోట్లోంచి."

"ఎవరు చూశారు? మీరు లిఫ్టులో ఉన్నారుగా!"

"మూడుసార్లు తీశారు. ప్రతిసారీ విన్నాను. ఎక్కడైనా సంతకం పెట్టమంటే పెడతాను" అన్నాడు ఆడిటరు. లెక్కలు చూసే వృత్తిలో ఉన్నవాడు పక్కవాడి తప్పులు ఎంత ప్రేమగా లెక్కపెడతాడో అప్పుడు చూడాలి.

అభ్యంతరంగారు భార్య వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పవే! ఇది అన్యాయం కాదూ?"

ఆవిడ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటోంది. ముఖం నిండా ఒక వెలుగు. ఆయన ఆ వెలుగుని చాలా ఏళ్ళుగా చూడలేదు.

"ఏవండీ, లోపల ఎంత ప్రశాంతంగా ఉందో తెలుసా? ఒక్క మాట వినిపించలేదు. ఎంత బాగా చేశారండీ దీన్ని! మీరు చేసినవాటన్నిట్లోకీ నాకు పనికొచ్చింది ఇదే" అంది.

అభ్యంతరంగారు పొగిడిందని సంతోషించాలో, పొగిడిన తీరుకి కోప్పడాలో తేల్చుకోలేక రెండూ ఒకేసారి చేశారు. ముఖం ఎర్రబడింది, ఛాతీ కాస్త ఉబ్బింది.

ఆదివారం చెరువులో నీళ్ళు నిలకడగా ఉన్నాయి. పడవలో అభ్యంతరంగారే స్వయంగా సిలిండరు పట్టీలు బిగించారు, గొట్టాలు సరిచూశారు, మౌత్‌పీసుని చొక్కా అంచుతో తుడిచి భార్య చేతికిచ్చారు. నిన్నటి తీర్పు మీద చివరిసారిగా ఒక మాట చెబుదామని నోరు తెరిచేసరికి ఆవిడ మౌత్‌పీసు కరిచి వెనక్కి ఒరిగి నీళ్ళలో పడిపోయింది. ఆవిడతోపాటు కోచ్ కూడా దిగాడు. తళతళలాడే ఇత్తడి డబ్బా కాసేపు ఆకుపచ్చ నీళ్ళ కింద కనిపించి లోతుకి వెళ్ళిపోయింది. అది తన చేతుల పనే అనుకుంటూ అభ్యంతరంగారు పడవ అంచు మీదుగా వంగి చూశారు. బుడగలు దూరం కాగానే, పడవ నడిపేవాడిని కూర్చోబెట్టి, శనివారం జరిగిన అన్యాయాన్ని మొదటి నుంచీ గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. చెరువు మీద మాట చాలా దూరం వినిపిస్తుంది.

దిగిన పడవ దగ్గరే తేలాలని క్లబ్బు నియమాల్లో ఎక్కడా లేదు. ఇద్దరూ అవతలి గట్టు దగ్గర తేలారు.